గండికోటలో పెన్న లోయ: ఫోటోలో లోతు రావాలంటే ఎక్కడ నిలబడాలి, ఎన్నింటికి తీయాలి?

శనగచేను:

అందరికీ నమస్కారం. జనవరి చివరి వారంలో గండికోట వెళ్తున్నాను. రెండు ఉదయాలు, ఒక సాయంత్రం దొరుకుతాయి. కోట కట్టడాల కంటే పెన్న లోయ మీదే నా దృష్టి. 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సర్ కెనాన్, 18-55 కిట్ లెన్స్, 55-250 జూమ్, తేలికపాటి ట్రైపాడ్ ఉన్నాయి.

నెట్‌లో గండికోట ఫోటోలు చాలావరకు ఒకేలా ఉంటున్నాయి. ముందు ఎర్రబండ, దాని మీద ఓ మనిషి, వెనక లోయ. అంచున నిలబడి చూస్తే కళ్ళు తిరిగే లోతు అంటారు, ఫోటోలో మాత్రం పెద్ద కాలువలా కనిపిస్తుంది. ఆకాశం తెల్లగా పోతుంది, అడుగున నీళ్ళు నల్లగా పోతాయి.

అడగదలచుకున్నవి: లోతు తెలియాలంటే 10-18 లాంటి వైడ్ లెన్స్ కొనాల్సిందేనా? ఉదయం మేలా, సాయంత్రం మేలా? ఎక్స్‌పోజర్ ఎలా పట్టాలి? రాత్రి చుక్కలు తీయడానికి ఆ నెల పనికొస్తుందా?

పెన్నేటి గట్టు:

లెన్స్ కొనకండి. వైడ్ లెన్స్‌తో లోతు పెరగదు, తగ్గుతుంది. 10 మి.మీ.లో మీ కాళ్ళ ముందున్న బండ ఫ్రేము సగం మింగేస్తుంది, అవతలి గోడ సన్నటి పట్టీ అయిపోతుంది. మీరన్న ఆ "కాలువ" ఫోటోలు ఎక్కువగా అలా తీసినవే, ఫోన్లలో అల్ట్రావైడ్‌తో తీసినవి మరీను.

కాస్త లెక్క చూద్దాం. లోయ లోతు సుమారు 300 అడుగులు. వెడల్పు చోటుని బట్టి మారుతుంది, లెక్క కోసం అదీ 300 అనుకుందాం. అంచున నిలబడి ఎదురుగా చూస్తే అవతలి గోడ పైకొన మీ కంటి మట్టానికి ఉంటుంది, దాని పాదం 45 డిగ్రీలు కిందికి ఉంటుంది. మీ కెమెరాలో 18 మి.మీ. దగ్గర అడ్డంగా పట్టుకుంటే నిలువు చూపు సరిగ్గా ఆ 45 డిగ్రీలే. అంటే గోడ మొత్తం పడితే ఆకాశం ఉండదు, ఆకాశం పెడితే నీళ్ళు పోతాయి. కెమెరాని నిలువుగా తిప్పితే చూపు 64 డిగ్రీలవుతుంది, అప్పుడు నీళ్ళూ గోడా కాస్త ఆకాశమూ మూడూ వస్తాయి. ఎదురుగా తీసే ఫోటోకి నిలువు ఫ్రేమే దారి.

అసలు ఎదురుగా తీయడమే తక్కువ చేయండి. కోటకి పడమర వైపూ ఉత్తరం వైపూ పెన్న చుట్టి వెళ్తుంది, మధ్యలో వంపులున్నాయి. వంపు దగ్గర నిలబడి లోయ పొడవునా చూడండి. అప్పుడు ఇవతలి గోడ, అవతలి గోడ రెండూ ఫ్రేములోకి వస్తాయి, రెంటి మధ్య నీళ్ళు దూరంగా సాగి సన్నబడతాయి. లోతు కంటికి తెలిసేది అక్కడే. ఈ చూపుకి 24 నుంచి 35 మి.మీ. చాలు. 24 దగ్గర అడ్డం ఫ్రేములో నిలువు చూపు 34 డిగ్రీలు. అందులో 8 డిగ్రీలు ఆకాశానికిచ్చి మిగతాది కిందికి వంచితే, దాదాపు 200 మీటర్ల దూరం నుంచి నీళ్ళు కనిపించడం మొదలవుతుంది. అంతకంటే దగ్గరి నీళ్ళు కావాలంటే ఆకాశం వదులుకోవాలి. వదులుకోండి, జనవరి ఆకాశంలో మబ్బులు తక్కువ, పెద్ద నష్టం లేదు.

ఇక వెలుగు. గండికోట 14.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జనవరి 25 ప్రాంతంలో సూర్యోదయం సుమారు 6:45కి, సూర్యాస్తమయం 6:13కి. పొద్దు నేరుగా తూర్పున పొడవదు, 19 డిగ్రీలు దక్షిణానికి జరిగి పొడుస్తుంది. ఆ నెలంతా సూర్యుడు దక్షిణం వైపునే ఉంటాడు కాబట్టి, ఉత్తరం వైపు లోయలో కోట వైపున్న గోడకి, అంటే మీరు నిలబడ్డ గోడకి, ఎండ తగలదు. ఎండంతా ఉత్తరపు దరి మీద పడుతుంది. ఉత్తరం వైపు లోయ తూర్పు పడమరలుగా ఉన్నచోట, 300 అడుగుల వెడల్పు లెక్కన, అవతలి గోడ మీద ఎండ ఇలా దిగుతుంది. 7 గంటలకి పైన 40 అడుగుల మేర మాత్రమే. 7:30కి 135 అడుగులు, అంటే సగానికి కాస్త తక్కువ. 8కి 210. 8:45కి నీటి అంచు దాకా. ఆ తర్వాత నీళ్ళ మీదికి వస్తుంది. సాయంత్రం ఇదే వెనక్కి నడుస్తుంది: 4:15 దాకా గోడ మొత్తం ఎండలో, 5:30కి పైన సగమే.

లోతు చూపించే ఘడియ 7:20 నుంచి 8 లోపు. పైభాగం ఎర్రగా వెలిగి, కింద నీలి నీడ ఉంటే కన్ను ఆ గీతని పట్టుకుని కిందికి దిగుతుంది. 7కి ముందు అంతా నీడే. 9 తర్వాత గోడ మొత్తం ఒకే వెలుగు, రాతి పొరలు కలిసిపోతాయి. వెడల్పు ఎక్కువున్న చోట ఈ నీడగీత ఇంకా తొందరగా దిగుతుంది, ఇరుకున్న చోట ఆలస్యంగా. అందుకే ముందురోజు సాయంత్రమే వెళ్ళి మూడు నాలుగు చోట్లు చూసి పెట్టుకోండి. పొద్దున చీకట్లో వెతుక్కుంటూ అంచుల మీద తిరగొద్దు.

ఇంకో మాట. యూరప్ వాళ్ళ వీడియోల్లో "గోల్డెన్ అవర్", అంటే పొద్దు కిందుగా ఉన్నప్పటి బంగారు వెలుగు, గంట ఉంటుందని వింటాం. మన దగ్గర సూర్యుడు నిటారుగా లేస్తాడు, గంటకి దాదాపు 14 డిగ్రీలు. 6 డిగ్రీల ఎత్తు దాటడానికి 27 నిమిషాలు చాలు. ఆ అరగంటలో ట్రైపాడ్ మార్చుకుంటూ కూర్చుంటే అయిపోయినట్టే. ఒక ఉదయానికి ఒకే చోటు, మహా అయితే పక్కనే రెండోది.

లైట్‌మీటర్:

పెన్నేటి గట్టు గారు చెప్పింది వెలుగు సంగతి, నేను ఎక్స్‌పోజర్ సంగతి చెప్తాను.

అక్కడి రాయిని గ్రానైట్ అని రాసేస్తుంటారు. గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్. పాత కాలపు ఇసుక పొరలు పొరలుగా గట్టిపడినది, అందుకే గోడ నిండా అడ్డగీతలు, వాటిని నిలువునా కోసే పగుళ్ళు. భూగర్భ శాస్త్రంలో దాని పేరే గండికోట క్వార్ట్‌జైట్. ఫోటోకి ఇందులో రెండు చిక్కులున్నాయి.

ఒకటి, రంగు. తెల్లవారు ఎండలో ఎర్రరాయి మీద ఎర్ర ఛానల్ అన్నిటికంటే ముందు నిండిపోతుంది. మామూలు తెల్ల హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత అని చూపే గ్రాఫ్) చూస్తే ఇంకా చోటున్నట్టే ఉంటుంది, ఇంటికొచ్చి చూస్తే గోడ మీద పొరలు పోయి నారింజ ముద్ద మిగులుతుంది. మెనూలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకోండి, ఎర్రది కుడి గోడకి తగలకుండా చూడండి. చాలాసార్లు కెమెరా చెప్పినదానికంటే మూడింట రెండు వంతుల స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తగ్గించాల్సి వస్తుంది.

రెండోది, మెరుపు. పక్కనుంచి ఎండ తగిలినప్పుడు బండ మీద తెల్లటి నిగారింపు వస్తుంది. దాన్ని తగ్గించేది పోలరైజర్, అంటే మెరుపుని కోసే ఫిల్టర్.

అంకెలు: ఐఎస్ఓ 100, ఎఫ్/8. పొద్దు పొడిచిన పావుగంటకి ఎండ పడ్డ గోడకి సెకనులో 50వ వంతు దగ్గర మొదలుపెట్టండి, 7:30కి 125 లేదా 160వ వంతు, 9 దాటాక 400. ఇవి మొదలుపెట్టే అంకెలే, హిస్టోగ్రామ్ చూసి సర్దుకోవాలి. నీడలో ఉన్న అడుగుభాగం దీనికంటే 3 నుంచి 4 స్టాపులు చీకటి. ఈ తరం సెన్సర్లు ఒక్క రా ఫైల్‌లో (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైలు) అంత తేడాని లాగగలవు, కానీ నీడలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, లేస్తుంది. అందుకని ట్రైపాడ్ మీద బ్రాకెటింగ్, అంటే మూడు ఎక్స్‌పోజర్లలో మూడు ఫ్రేములు: -2, 0, +2. ఎపర్చర్ మారకూడదు, షట్టరే మారాలి. ఫోకస్ మాన్యువల్‌లో, వైట్ బ్యాలెన్స్ 5200 కెల్విన్ దగ్గర స్థిరంగా. ఆటోలో వదిలేస్తే ఒక ఫ్రేములో నీడ నీలంగా, ఇంకోదాంట్లో బూడిదగా వస్తుంది. రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చన్నది నిజమే, కానీ కెమెరా తెర మీద హిస్టోగ్రామ్ ఆ వైట్ బ్యాలెన్స్‌తోనే గీస్తుంది, ఎర్ర ఛానల్ తప్పు చెబుతుంది.

మూడు ఫ్రేముల్ని ఆటో హెచ్‌డీఆర్‌లో కలిపేయకండి. అవతలి గోడ పైకొన ఆకాశాన్ని తాకే చోట తెల్ల అంచు పడుతుంది, అది చూడగానే తెలిసిపోతుంది. 0 ఫ్రేముని అడుగున పెట్టి, +2 ఫ్రేముని పైన పెట్టి, నీడ భాగానికి మాత్రం మెత్తటి మాస్క్‌తో 40, 50 శాతం తెరవండి. నీడ నీడగానే ఉండాలి. అడుగు అంతా వెలిగించేస్తే ఇందాక చెప్పిన లోతు మళ్ళీ పోతుంది. ఎడిటింగ్‌లో మసక తీసే డీహేజ్ స్లైడర్ 15 దాటితే ఎర్రరాయి ఇటుక రంగుకి తిరుగుతుంది.

ఫోకస్: 18 మి.మీ., ఎఫ్/8 దగ్గర 2 మీటర్లకి పెడితే ఒక మీటరు నుంచి అనంతం దాకా సరిపోతుంది. 24 దగ్గర దాదాపు 4 మీటర్లకి పెట్టాలి, అప్పుడు దగ్గరి హద్దు 2 మీటర్లు. ఈ లెక్క మామూలు సైజు ప్రింటుకి. పెద్ద ప్రింటు అనుకుంటే ఫోకస్ ఇంకాస్త దూరానికి జరిపి ఎఫ్/11. ఎఫ్/16కి వెళ్తే క్రాప్ సెన్సర్ మీద డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది, దగ్గరి బండ కోసం దూరపు గోడని పాడుచేసుకోవడమే.

శనగచేను:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. నీడగీత లెక్క చూశాక అలారం 5:30కి పెట్టేశాను. పోలరైజర్ ఒకటి 58 మి.మీ.ది ఉంది, అది వాడనా? కొందరు వైడ్‌లో వద్దంటున్నారు. పానోరమాకి ప్రత్యేకంగా హెడ్ కావాలా?

ఎర్రమల:

వాడండి. వైడ్‌లో వద్దనడం నీలాకాశం గురించి. పోలరైజర్ సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఆకాశాన్ని ఎక్కువ నల్లబరుస్తుంది, మిగతా చోట్ల తక్కువ. 18 మి.మీ. ఫ్రేములో ఆ తేడా నల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఉదయం ఉత్తరం వైపు తిరిగి తీస్తే సరిగ్గా ఆ 90 డిగ్రీల చోటే ఫ్రేములోకి వస్తుంది. ఆకాశం ఫ్రేములో అయిదో వంతు కంటే తక్కువుంటే ఇబ్బంది లేదు, లేదా రింగుని పూర్తిగా తిప్పకుండా సగంలో ఆపేయండి.

పోలరైజర్ అసలు పని ఇక్కడ రాయి మీద, నీళ్ళ మీద. లైట్‌మీటర్ గారన్న నిగారింపు దానితో పోతుంది, రాయి అసలు రంగు బయటికొస్తుంది. నీటి మెరుపు అన్నిటికంటే బాగా తెగేది చూపు నీటి మట్టానికి 37 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు. అంచు నుంచి 300 అడుగుల కిందికి ఆ వాలు అంటే, అడ్డంగా దాదాపు 400 అడుగుల దూరంలో ఉన్న నీళ్ళు. అక్కడ లోయ ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇంకా దూరపు నీళ్ళలో మెరుపు ఉంటుంది, ఉండనివ్వండి. ఎండ పడ్డ గోడ ప్రతిబింబం నీళ్ళలో కావాలనుకున్న ఫ్రేముకి మాత్రం పోలరైజర్ తీసేయండి, అది ప్రతిబింబాన్నీ తినేస్తుంది. ఒకటిన్నర స్టాపుల వెలుగు పోతుందని లెక్కలో పెట్టుకోండి.

పానోరమాకి పోలరైజర్ అసలు వద్దు. ఒక్కో ఫ్రేములో ఆకాశం ఒక్కో రకంగా నల్లబడి, అతికించాక చారలు తేలతాయి.

ప్రత్యేక హెడ్ అక్కర్లేదు, ఒక షరతు మీద: రెండు మూడు మీటర్ల లోపు ముందు బండ ఏదీ ఫ్రేములో ఉండకూడదు. ఉంటే కెమెరా తిరిగినప్పుడు దగ్గరి బండ, దూరపు గోడ వేర్వేరుగా జరుగుతాయి, అతుకు దగ్గర పగుళ్ళు వంకర్లు పోతాయి. ఇక్కడ గోడ నిండా అడ్డగీతలే కాబట్టి చిన్న తేడా కూడా దాగదు. కెమెరాని నిలువుగా పెట్టి 24 మి.మీ.లో, ఒక్కో ఫ్రేముకి 23 డిగ్రీలు తిప్పుకుంటూ పోతే మూడో వంతు అతివ్యాప్తి ఉంటుంది. అయిదు ఫ్రేములకి 125 డిగ్రీల పైన వస్తుంది. ట్రైపాడ్ తలని కాదు, కాళ్ళని మట్టం చేయాలి. తల ఒక్కటే మట్టంగా ఉంటే తిప్పేకొద్దీ దిగంతం జారుతుంది, అక్కడి పీఠభూమి అంచు గీత గీసినట్టుంటుంది కాబట్టి ఆ జారుడు ఇట్టే తెలుస్తుంది. కెమెరాని కిందికి వంచి తీస్తే గోడలు పక్కలకి వాలినట్టు వస్తాయి, సరిచేసేటప్పుడు అంచులు కోతకి పోతాయి. నాలుగు వైపులా పది పదిహేను శాతం ఎక్కువ పెట్టుకుని తీయండి.

మీ తేలిక ట్రైపాడ్ గురించి. అంచు దగ్గర గాలి కింది నుంచి పైకి కొడుతుంది. మధ్య కడ్డీ లేపొద్దు, సన్నటి కాళ్ళు తెరవొద్దు, మోకాలెత్తులోనే పెట్టండి. కెమెరా పట్టీ తీసేయండి, అది గాలికి కొట్టుకుని ఫ్రేమంతా కదుపుతుంది. బ్యాగు వేలాడదీస్తే అది ఊగుతుంది కాబట్టి కింద నేలకి ఆనేంత పొడవు తాడుతో కట్టాలి. లెన్స్‌లో స్టెబిలైజర్ ఆపి, 2 సెకన్ల టైమర్.

లైట్‌మీటర్:

ఎర్రమల గారూ, మోకాలెత్తు అన్ని చోట్లా కుదరదండి. అంచుకి రెండడుగుల వెనక మోకాలెత్తులో పెడితే మీ ముందు బండ కొనే నీళ్ళని కప్పేస్తుంది. నీళ్ళు కనిపించాలంటే కన్నెత్తు కావాలి, లేకపోతే అంచుకి జరగాలి. అంచుకి జరగడం కంటే కన్నెత్తులో పెట్టి షట్టర్ పెంచుకోవడం నయం. ఐఎస్ఓ 400కి వెళ్తే కొంపేమీ మునగదు.

ఎర్రమల:

ఒప్పుకుంటాను, ముందు బండ ఉన్నచోట మీ మాటే సరి. వంపు దగ్గర నుంచి పొడవునా చూసేటప్పుడు నేనన్నది పనిచేస్తుంది.

చుక్కలపందిరి:

రాత్రి సంగతి. జనవరి 25 ప్రాంతంలో పాలపుంత నడిబొడ్డు తెల్లవారుజామున 4:20 దగ్గర ఆగ్నేయంలో లేస్తుంది, 5:30కల్లా తెల్లదనం వచ్చేస్తుంది. ఆ గంటలో అది దిగంతానికి బాగా దగ్గర్లోనే ఉంటుంది. పాలపుంత కోసమే అయితే మార్చి మూడో వారం అమావాస్య చూసుకుని వెళ్ళండి, ఉదయం 5కి దక్షిణాన 40 డిగ్రీల పైన నిలబడి ఉంటుంది. కానీ చూడండి, లోయ ఉన్నది ఉత్తరాన, పాలపుంత వచ్చేది దక్షిణాన. రెండూ ఒకే ఫ్రేములో ఉన్న ఫోటో ఈ అంచు నుంచి తీసిందంటే అతుకేసిందన్నమాట. దక్షిణం వైపు తిరిగితే మాధవరాయస్వామి గుడి గోపురం, మసీదు మినార్లు దొరుకుతాయి. కానీ కట్టడాల ఆవరణల్లోకి చీకట్లో వెళ్ళనివ్వరు, దూరం నుంచి నీడబొమ్మగా తీసుకోవాల్సిందే.

లోయతో కావాలంటే చుక్కల వలయాలు తీయండి. ధ్రువనక్షత్రం ఉత్తరాన సుమారు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అవతలి అంచుకి కాస్త పైన. 18 మి.మీ., ఎఫ్/3.5, ఐఎస్ఓ 1600, 30 సెకన్లు చొప్పున 120 ఫ్రేములు. గంటకి 15 డిగ్రీల చాపాలొస్తాయి, రెండు గంటలైతే బాగుంటుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి, లేకపోతే ప్రతి ఫ్రేముకీ అంతే సేపు కెమెరా ఆగుతుంది, చాపాలు చుక్కలు చుక్కలుగా తెగిపోతాయి. నాలుగైదు రోజుల చంద్రుడుంటే ఇంకా మేలు, గోడ మీద కాస్త వెలుగు పడుతుంది. పూర్తి అమావాస్యలో లోయ నల్ల గొయ్యిలా వస్తుంది.

గేటుకాపలా:

ఎవరూ ఎత్తని రెండు సంగతులు. కోటలోని పాత కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. చేతిలో కెమెరాతో తీసుకోవడం వేరు, ట్రైపాడ్ వేయడం వేరు. గుడి, మసీదు, ధాన్యాగారం దగ్గర ట్రైపాడ్‌కి ముందే అనుమతి అడగండి. లోయ అంచున సాధారణంగా ఎవరూ ఏమీ అనరు, అయినా అక్కడి సిబ్బందిని ఒక మాట అడిగితే పోయేదేం లేదు.

డ్రోన్ గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు అడుగుతారు. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. దానర్థం రక్షిత కట్టడం మీద ఎగరేయొచ్చని కాదు. రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకెళ్ళొద్దు. అనుమతి ఉన్నవాళ్ళకి కూడా: లోయలోకి దింపితే ఎత్తు మైనస్‌లో చూపిస్తుంది, మధ్యలో బండ అడ్డొస్తే సిగ్నల్ తెగుతుంది, జీపీఎస్‌కి అందే ఉపగ్రహాలు తగ్గుతాయి. రిటర్న్ టు హోమ్ (బయలుదేరిన చోటికి తిరిగి రమ్మనే బటన్) నొక్కినా ముందు నిటారుగా లేవాలి, పైన ముందుకి పొడుచుకొచ్చిన బండ ఉంటే దానికే తగులుతుంది.

అంచు దగ్గర రాళ్ళు పేర్చినట్టుంటాయి కదా, అవి నిజంగానే విడి దిమ్మలు. పగుళ్ళు నిలువునా కోసేసిన ముక్కలు. కొన్ని మీద కాలు పెడితే కదులుతాయి. పగులు ఇవతల ఉన్న బండ మీదే నిలబడండి, పగులు దాటి అవతలి దిమ్మ మీదికి వెళ్ళొద్దు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి అడుగు వేయొద్దు. చోటు మారాలంటే కెమెరా దించి, నేల చూసి, అప్పుడు కదలండి. కంచె అన్ని చోట్లా లేదు.

పెన్నేటి గట్టు:

మీ 55-250ని ఎవరూ పట్టించుకోలేదు, దానికీ పని ఉంది. అవతలి గోడ మీద నీడగీత కదులుతున్నప్పుడు 100 నుంచి 150 దగ్గర ముక్కలు ముక్కలుగా తీయండి. ఒక పొర వెలుగులో, దాని కింది పొర నీడలో, మధ్యలో పగుల్లోంచి మొలిచిన ఒక పొద. కొలత తెలియడానికి ఆ పొద చాలు, మనిషిని నిలబెట్టక్కర్లేదు. 250 దగ్గర చేత్తో అయితే సెకనులో 400వ వంతుకి తగ్గొద్దు. 9:30 దాటాక బండలు వేడెక్కి గాలి వణుకుతుంది, టెలి ఫోటోలు ఎంత స్థిరంగా పట్టినా మెత్తగా వస్తాయి. అప్పుడు మళ్ళీ మళ్ళీ ఫోకస్ చేసి ప్రయోజనం లేదు.

కోట గోడ లోయ అంచుదాకా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ 70, 80 మి.మీ. దగ్గర గోడనీ బురుజునీ ఒక పక్క పెట్టి, రెండో పక్క లోయ పాతాళాన్ని పెట్టండి. కోటని ఏలిన పెమ్మసాని వాళ్ళు ఈ చోటుని ఎందుకు పట్టుకుని కూర్చున్నారో, 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకి ఇది ఎందుకు కావలసి వచ్చిందో ఆ ఒక్క ఫ్రేము చెబుతుంది. ఎర్రబండ మీద కాళ్ళు చాపుకున్న మనిషి ఫోటో అది చెప్పదు.

నీళ్ళ సంగతి కూడా. ఎగువన గండికోట రిజర్వాయరు, దిగువన మైలవరం రిజర్వాయరు. లోయలో నీటిమట్టం వాన కంటే ఎక్కువగా వీటి నిల్వని, విడుదలని బట్టి ఉంటుంది. మట్టం బాగా తగ్గితే గోడ పాదాన తెల్లటి మరక పట్టీ బయటపడుతుంది, అప్పుడు గోడ పాదం నీడలో ఉండే ఉదయపు ఫ్రేములే నయం, ఎండలో ఆ పట్టీ మీదికే కన్ను పోతుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు, ఉదయం సాయంత్రం వెలుగు కోట వైపు గోడ మీద పడుతుంది. ఆ గోడ కావాలంటే వంపు నుంచి ఇవతలి వైపుకి తిరిగి తీయాలి. కానీ మే నెలలో అక్కడి ఎండకి మనిషే నిలవలేడు, నవంబరులో తుపాను వాన వెలిసిన మర్నాడు గాలి కడిగినట్టుంటుంది, అవకాశముంటే అప్పుడు వెళ్ళండి.

ఎర్రమల:

రెండో ఉదయం కూడా గండికోటకే ఇవ్వక్కర్లేదు అనుకుంటాను. పెన్న లోయంటే ఆ ఇరుకు ఒక్కటే కాదు. జమ్మలమడుగు చుట్టూ రేగడి చేలు, శనగ పైరు, వెనక ఎర్రమల కొండల గీత. 135 నుంచి 200 దగ్గర చేలనీ కొండనీ దగ్గరకి లాగొచ్చు. దిగువన పుష్పగిరిలో నది వెడల్పై ఇసుకలో పరుచుకుంటుంది, ఊరికి అవతలి ఒడ్డున చెన్నకేశవస్వామి గుడి. ఇక్కడ పైన చెప్పినవన్నీ తలకిందులు: లోతు లేదు, అంతా బల్లపరుపు, కాబట్టి కెమెరా నేలకి అడుగెత్తులో, 18 మి.మీ., ఇసుక అలల మీద అడ్డంగా పడే తొలి ఎండ. ఇసుకలో ట్రైపాడ్ కాళ్ళు కూరుకుపోతూ ఉంటాయి, ప్రతి ఫ్రేముకీ కొంచెం దిగుతుంది, అందుకని ముందే కాళ్ళని నొక్కి లోపలికి దింపండి. లెన్స్ అక్కడ మార్చొద్దు. ఎగువకి వెళ్ళే వీలుంటే తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి నది ఒడ్డునే ఉంది, శిల్పాల మీద పక్కవెలుగు పడే వేళ చూసుకోండి.

శనగచేను:

మొదటి సాయంత్రం వంపులు చూసుకోవడం, మర్నాడు ఉదయం 7:20కి ఒకే చోట నిలువు ఫ్రేములు, బ్రాకెటింగ్, తర్వాత 9:30 దాకా 55-250. రెండో ఉదయం పుష్పగిరి. ఇలా రాసుకున్నాను. ఒక్క అనుమానం: మూడేసి ఫ్రేముల చొప్పున నిలువు పానోరమా తీస్తే 15 ఫైళ్ళవుతాయి, ఆ లోపు నీడగీత కదిలిపోదా?

లైట్‌మీటర్:

కదులుతుంది. 7:30 ప్రాంతంలో నిమిషానికి దాదాపు మూడడుగులు దిగుతుంది. మొత్తం 15 ఫ్రేములూ నిమిషంలో ముగిస్తే అతుకులో తెలియదు, మూడు నిమిషాలు పడితే పక్కపక్క ఫ్రేముల్లో గీత మెట్టు పడుతుంది. కాబట్టి ముందు ఖాళీగా ఒకసారి తిప్పి చూసుకోండి, హెడ్ మీద 23 డిగ్రీల గుర్తులు పెట్టుకోండి, బ్రాకెటింగ్‌ని కంటిన్యువస్ డ్రైవ్‌తో కలిపి పెడితే ఒక్క నొక్కుకి మూడూ పడతాయి. టైమర్ బదులు రిమోట్ తీగ. నీడ దిగే వైపు నుంచి కాకుండా ముఖ్యమైన భాగం నుంచి మొదలుపెట్టండి. ఇంకా భయమైతే పానోరమా మొత్తం ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసి, నీడ కోసం +2 వరస ఒకటి వెంటనే రెండో చుట్టులో తీయండి. నీడ లోపలి భాగం ఎలాగూ కదలదు, గీత దగ్గర మాత్రం మొదటి వరసనే వాడుకోవచ్చు.